‘గెట్’ పక్కన ఏముందో చూడండి

(ఇంగ్లీషు నేర్చుకుంటున్న పెద్దల తరగతిలో ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వారికి వినబడుతోందా? వినబడుతోంది కదా, మంచిది.

ఈ రోజు ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఒకే ఒక్క మాట. ఇంగ్లీషులో మూడక్షరాలు. జీ, ఈ, టీ. గెట్. ఈ మాట తెలియనివారు ఎవరైనా ఉన్నారా? ఎవరూ చెయ్యెత్తలేదు. ఎత్తరని నాకూ తెలుసు. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే మాటల జాబితాలు చాలావాటిలో మొదటి 100లో ఇది ఉంటుంది. క్రియలు మాత్రమే తీసి చూస్తే మొదటి పదిలోనే ఉంటుంది. అంత తరచుగా చెవిన పడే మాట మరి మన నోట ఎందుకు పలకదు? ‘రిసీవ్’ పలుకుతుంది, ‘ఆబ్టెయిన్’ పలుకుతుంది, ‘బికమ్’ పలుకుతుంది. కష్టమైన మాటలన్నీ వస్తాయి, ఈ తేలికైన మాట దగ్గర ఆగిపోతాం. ఎందుకంటారు?

నేను చూసినంతలో కారణం ఒకటే. చిన్నప్పుడు ఎవరో మనకు ‘గెట్ అంటే పొందు’ అని చెప్పారు. మనం రాసుకున్నాం, కంఠస్థం చేశాం. అక్కడితో ఆ మాట తలుపు మూసేశాం. సరే, ఇప్పుడు మీరే చెప్పండి, ‘పొందు’ అనే మాట మీరు రోజూ వాడతారా? ‘నేను ఉత్తరం పొందాను’ అని ఇంట్లో ఎవరితోనైనా అన్నారా? అనరు. ‘నాకు ఉత్తరం వచ్చింది’ అంటారు. తెలుగులోనే వాడని మాటను మధ్యవర్తిగా పెట్టుకుంటే ఇంగ్లీషు మాట నోటికి ఎలా వస్తుంది?

కాబట్టి ‘పొందు’ను కాసేపు పక్కన పెట్టండి. మనం నిజంగా మాట్లాడే తెలుగు తీసుకుందాం.

నాకు ఉత్తరం వచ్చింది. ‘ఐ గాట్ ఎ లెటర్.’ నాకు ఉద్యోగం దొరికింది. ‘ఐ గాట్ ఎ జాబ్.’ నాకు జలుబు చేసింది. ‘ఐ గాట్ ఎ కోల్డ్.’ నాకు ఒక ఆలోచన తట్టింది. ‘ఐ గాట్ యాన్ ఐడియా.’ నాకు అర్థమైంది. ‘ఐ గాట్ ఇట్.’

తెలుగులో ఎన్ని క్రియలు మారాయో చూశారా? వచ్చింది, దొరికింది, చేసింది, తట్టింది, అర్థమైంది. ప్రతిసారీ వేరే క్రియ. ఇంగ్లీషులో మాత్రం ఒకే క్రియ. మరి ఈ తెలుగు వాక్యాలన్నిటిలో మారకుండా ఉన్నది ఏమిటి? ఒకసారి మళ్లీ మనసులో అనుకోండి. నాకు, నాకు, నాకు. అదీ. మారకుండా ఉన్నది ‘నాకు’. గెట్‌ను తెలుగు క్రియల్లో వెతుకుతున్నాం. అది అక్కడ లేదు. ‘కు’లో ఉంది, చతుర్థీ విభక్తిలో ఉంది.

ఈ విషయం మీద ఇంకొంచెం నిలబడతాను, ఎందుకంటే ఈ రోజు చెప్పేవాటిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ‘నాకు ఉత్తరం వచ్చింది’ అన్నప్పుడు కర్త ఎవరు? ఉత్తరం. వచ్చింది ఉత్తరమే కదా. నేను ఊరికే ఉన్నాను, అది నా దగ్గరికి వచ్చింది. ఉత్తరమైనా అంతే, ఆలోచనైనా అంతే, చివరికి రోగమైనా అంతే. ఇంగ్లీషు అలా చూడదు. మనిషిని కర్త స్థానంలో కూర్చోబెడుతుంది. ఆ మనిషి చేసిందేమీ లేకపోయినా సరే. జలుబు రావడానికి మనమేమైనా ప్రయత్నం చేశామా? లేదు. అయినా ‘ఐ గాట్’. అందుకే ‘పొందు’ అనే అర్థం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పొందడం అన్నప్పుడు ఏదో సాధించిన ధ్వని ఉంటుంది. గెట్‌లో ఆ ధ్వని ఉండి తీరాలని లేదు. నా దగ్గర లేనిది నా దగ్గరికి చేరింది, అంతే.

అయితే ‘నాకు’ కనబడిన ప్రతిచోటా గెట్ పెట్టేయవచ్చా? పెట్టకూడదు. ‘నాకు ఇద్దరు పిల్లలున్నారు’ అన్నదానికి గెట్ కుదరదు, అక్కడ ‘హావ్’ కావాలి. ‘నాకు తెలుసు’ అన్నచోట ‘నో’ చాలు. తేడా ఎలా పట్టుకోవాలి? చాలా సులువు. ఉన్నదా, వచ్చిందా అని అడగండి. ‘నాకు జలుబుగా ఉంది’ అంటే ‘హావ్’. ‘నాకు జలుబు చేసింది’ అంటే ‘గాట్’. ఉంటే హావ్, వస్తే గెట్. ఇది రాసుకోండి, పరవాలేదు, ఆగుతాను.

ఇక్కడ ఒకరికి సందేహం వచ్చింది, ముఖంలో కనబడుతోంది. ‘ఐ హావ్ గాట్ టూ చిల్డ్రన్’ అని కూడా విన్నామే, అందులో హావ్, గాట్ రెండూ ఉన్నాయే అని. నిజమే. అక్కడ రెండూ కలిసి ‘ఉంది’ అనే అర్థమే ఇస్తాయి. బ్రిటన్‌లో మాట్లాడేటప్పుడు ఇది చాలా మామూలు. అమెరికాలో ఇంకో రూపం కూడా బతికి ఉంది, ‘గాటెన్’. అమెరికన్ ‘ఐ హావ్ గాట్ ఎ టికెట్’ అంటే టికెట్ తన దగ్గర ఉందని. ‘ఐ హావ్ గాటెన్ ఎ టికెట్’ అంటే టికెట్ సంపాదించానని. ఉండటానికి ఒకటి, రావడానికి ఒకటి. చూడండి, మళ్లీ అదే తేడా.

కొందరు ‘గాటెన్’ అమెరికావాళ్లు పాడుచేసిన రూపం అనుకుంటారు. కాదు. అదే పాతది. ఇంగ్లండు నుంచి వలస వెళ్లినవారు తమతో తీసుకువెళ్లారు. తరవాత ఇంగ్లండులో ఆ రూపం దాదాపు పోయింది, అమెరికాలో నిలిచింది. బ్రిటన్‌లో కూడా ‘ఫర్‌గాటెన్’ అంటారు కదా, ఆ చివర ఉన్నది ఇదే. అసలు గెట్ అనే క్రియ ఇంగ్లండు గడ్డ మీద పుట్టలేదు. 9వ శతాబ్దం నుంచి స్కాండినేవియా వాళ్లు ఇంగ్లండు తూర్పు, ఉత్తర భాగాల్లో స్థిరపడ్డారు. వారి భాషలో ‘గెటా’ అనే క్రియ ఉంది. అక్కడి నుంచి వచ్చింది. ‘టేక్’ కూడా అలా వచ్చినదే, ‘వారు’ అనే అర్థమిచ్చే ‘దే’ కూడా అలా వచ్చినదే. పాత ఇంగ్లీషులో దీని చుట్టం ఒకటి ముందే ఉంది కానీ అది ఒంటరిగా కాక వేరే మాటలకు అతుక్కుని వాడుకలో ఉండేది. ‘ఫర్గెట్’లో ఉన్నది ఆ చుట్టమే. పట్టుకున్నది జారిపోవడం, మరిచిపోవడం అంటే అది. అంత రోజువారీ క్రియను, చివరికి ‘వారు’ అనే సర్వనామాన్ని కూడా ఒక భాష పక్కవారి నుంచి తీసుకుంది. ఇది నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

సరే, అసలు దారిలోకి వద్దాం. ‘అర్థం కావడం’ అన్న వాడుక దగ్గర మనవాళ్లు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఎదుటివారిని ‘ఆర్ యు గెటింగ్?’ అని అడుగుతారు. ‘ఐ యామ్ నాట్ గెటింగ్ యు’ అంటారు. ఎందుకంటారు? మన వాక్యం అలా ఉంది కాబట్టి. ‘అర్థమవుతోందా?’ అంటాం, ‘అర్థం కావడం లేదు’ అంటాం. అవి జరుగుతున్న పనిలా వినబడతాయి, అందుకని ‘ఇంగ్’ తగిలిస్తాం. ఇంగ్లీషులో అర్థం కావడం సాధారణంగా జరుగుతూ ఉండే పని కాదు. అయిందా, లేదా అన్నదే లెక్క. అందుకని ‘డు యు గెట్ ఇట్?’ అనాలి. ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అనాలి. ఇంకో మాట, చివర ఆ ‘ఇట్’ వదిలేయకండి. గెట్ తన పక్కన ఏదో ఒకటి లేకుండా దాదాపు ఎప్పుడూ నిలబడదు.

ఆ పక్కన ఉండేదాని గురించే ఇప్పుడు చెప్పాలి. ఇంతవరకు గెట్ పక్కన నామవాచకం చూశాం. ఉత్తరం, ఉద్యోగం, జలుబు. ఇప్పుడు విశేషణం పెట్టి చూడండి. ‘గెట్ స్కేర్డ్’ భయపడు. ‘గెట్ హర్ట్’ గాయపడు. ‘గెట్ రెడీ’ సిద్ధపడు. ‘గెట్ యూజ్డ్ టు’ అలవాటు పడు. ‘గెట్ ఎక్సైటెడ్’ ఉద్వేగపడు. వింటున్నారా? పడు, పడు, పడు. మన భాషలో ఈ పని చేసే క్రియ ఇంత చక్కగా సిద్ధంగా ఉంది! ‘భయపడ్డాడు’ అంటే ఏదీ కింద పడలేదు. భయం లేని స్థితి నుంచి భయం ఉన్న స్థితికి మారాడు. గెట్ కూడా అంతే. ఒక్కోసారి ‘పడు’ బదులు ‘అవు’ వస్తుంది, ‘పోవు’ వస్తుంది. ‘గెట్ లేట్’ ఆలస్యమవు, ‘గెట్ టైర్డ్’ అలసిపోవు. పేరు ఏదైనా పని ఒకటే, మార్పు.

ఇక్కడ కూడా ఉండటానికీ మారడానికీ మధ్య గీత గీయండి. ‘హి వాజ్ యాంగ్రీ’ అంటే కోపంగా ఉన్నాడు. ‘హి గాట్ యాంగ్రీ’ అంటే కోపం వచ్చింది. ‘ఐ యామ్ మ్యారీడ్’ అంటే నాకు పెళ్లయి ఉంది. పెళ్లి జరిగిన సంవత్సరం చెప్పాలంటే? ‘ఐ యామ్ మ్యారీడ్ ఇన్ 2010’ కుదరదు. ‘ఐ గాట్ మ్యారీడ్ ఇన్ 2010’ అనాలి. ఎవరితో అన్నది చెప్పాలంటే ‘టు’ వాడాలి, ‘విత్’ కాదు. మన ‘తో’ మనల్ని ‘విత్’ వైపు లాగుతుంది. అక్కడ జాగ్రత్త.

ఇంకో జాగ్రత్త. విశేషణం పక్కన గెట్ అంటే ‘అవు’ అన్నాం కదా అని నామవాచకం దగ్గర కూడా అలాగే అనుకోకండి. ‘ఆవిడ డాక్టరయ్యారు’ అన్నదానికి ‘షి గాట్ ఎ డాక్టర్’ అంటే ఏమవుతుంది? ఆవిడ వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చారని అర్థం! మనిషి డాక్టరు కావడానికి ‘బికమ్’ కావాలి. అదే గెట్, పక్కన ఉన్నది మారితే అర్థం ఎంత దూరం వెళ్లిందో చూడండి.

పక్కన ఉన్నదాన్ని చూడమని నేను పదే పదే అంటున్నాను. ఇది నా సొంత ఆలోచన కాదు. జె. ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త 1957లో రాశారు, ఒక మాట ఏమిటో అది చేసే సహవాసాన్ని బట్టి తెలుస్తుందని. ఆయనకన్నా ముందే ఒక ఉపాధ్యాయుడు ఈ సంగతిని ఆచరణలో పెట్టారు. ఆయన పేరు ఎ. ఎస్. హార్న్‌బీ. ఇంగ్లండు నుంచి జపాను వెళ్లి అక్కడి విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పేవారు. అర్థం తెలిసినంత మాత్రాన నేర్చుకునేవారికి వాక్యం కుదరదని ఆయన తెలుసుకున్నారు. ఏ క్రియ తరవాత ఏది వస్తుంది, నామవాచకమా, విశేషణమా, ‘టు’ వస్తుందా, రాదా, ఇవన్నీ నమూనాలుగా విడదీశారు. మరో ఇద్దరితో కలిసి, ఇంగ్లీషు మాతృభాష కానివారి కోసమే ఒక నిఘంటువు తయారుచేశారు. అది 1942లో, యుద్ధం మధ్యలో, టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు దాన్ని మళ్లీ అచ్చువేశారు. నేర్చుకునేవారి కోసం ఆక్స్‌ఫర్డ్ వారు ఇప్పుడు వేస్తున్న పెద్ద నిఘంటువుకు మూలం అదే. తరవాత 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ బృందం కోబిల్డ్ నిఘంటువు తెచ్చింది. మనుషులు నిజంగా రాసిన, మాట్లాడిన వాక్యాలను కంప్యూటర్లలో పోగుచేసి, అందులోంచి అర్థాలు తీశారు. అర్థాన్ని కూడా పూర్తి వాక్యంలోనే చెప్పారు, మాట ఎలాంటి వాక్యంలో ఇముడుతుందో కనబడేలా. మీరు నిఘంటువు కొనదలిస్తే దయచేసి ఇలాంటిది కొనండి. మాటకు మాట ఇచ్చే నిఘంటువు అనువాదకులకు పనికొస్తుంది. మాట్లాడటం నేర్చుకునేవారికి అది చాలదు.

ఇప్పుడు ఇంకో సహవాసం. ‘నేను ఫోను బాగుచేశాను’, ‘నేను ఫోను బాగు చేయించాను’. రెండూ ఒకటేనా? కాదు. మనం ఒక్క ‘ఇంచు’తో చెప్పేస్తాం. ఇంగ్లీషులో ఆ ‘ఇంచు’ పని గెట్ చేస్తుంది. ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్.’ వరస గమనించండి. గాట్, తరవాత వస్తువు, ఆ తరవాత జరిగిన పని. ‘ఐ రిపేర్డ్ మై ఫోన్’ అంటే స్క్రూడ్రైవర్ పట్టుకుని మీరే కూర్చున్నారని అర్థం. చేయించడం, కుట్టించడం, కట్టించడం, రాయించడం, అన్నిటికీ ఇదే వరస.

చేసిన మనిషిని కూడా చెప్పాలంటే ‘టు’ వస్తుంది. ‘ఐ గాట్ హిమ్ టు సైన్.’ అతని చేత సంతకం చేయించాను. ఇదే ‘మేక్’తో అయితే ‘టు’ రాదు. ‘ఐ మేడ్ హిమ్ సైన్.’ రెండింటికీ తెలుగులో ‘చేయించాను’ అనే అంటాం. కానీ వినేవారికి వేరుగా వినబడతాయి. ‘మేడ్’లో ఒత్తిడి ఉంది, అతనికి ఇష్టం లేకపోయినా చేయించానన్నట్టు. ‘గాట్’లో నచ్చజెప్పి, ఒప్పించి చేయించినట్టు. మీ పై అధికారి గురించి చెప్పేటప్పుడు ఏది వాడతారో మీరే ఆలోచించుకోండి.

ఇక నాకు ఎంతో ఇష్టమైన వాడుక దగ్గరికి వచ్చాను. ‘గెట్ టు’. పక్కన ‘టు’, ఆ తరవాత క్రియ. ‘ఐ గెట్ టు ట్రావెల్.’ దీన్ని ‘ఐ హావ్ టు ట్రావెల్’ పక్కన పెట్టండి. ‘హావ్ టు’ అంటే ప్రయాణం చేయాల్సి ఉంది, తప్పదు. ‘గెట్ టు’ అంటే ప్రయాణం చేసే వీలు దొరుకుతుంది, అదృష్టం. పని ఒకటే, ఆ పనిని మాట్లాడే మనిషి ఎలా చూస్తున్నాడో అందులో తెలిసిపోతుంది. ‘ఐ డిడింట్ గెట్ టు సీ హర్’ అని ఎవరైనా అంటే ‘ఆవిడను చూడలేదు’ అని మాత్రమే తీసుకోకండి. చూడాలని ఉంది, కుదరలేదు, ఆ వెలితి కూడా అందులో ఉంది. ‘ఐ డిడింట్ సీ హర్’లో ఆ వెలితి లేదు. ఒక చిన్న క్రియ ఇంత మనసును మోస్తుంది. పరీక్షల కోసం చదివితే ఇది దొరకదు, మనుషులు మాట్లాడుతుంటే వినాలి.

ఇదే రూపం ‘నో’తో వస్తే కొంచెం వేరు. ‘గెట్ టు నో’ అంటే మెల్లమెల్లగా పరిచయం పెరగడం. ‘ఐ నో హర్’ ఉన్న స్థితి. ‘ఐ గాట్ టు నో హర్’ ఆ స్థితికి చేరిన దారి.

చేరడం అంటే గుర్తొచ్చింది, చోట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ‘గెట్ టు ద స్టేషన్’ అంటే స్టేషనుకు చేరు. అదే ఇంటికైతే ‘గెట్ హోమ్’. ‘టు’ లేదు. ఇక్కడికి ‘గెట్ హియర్’, అక్కడికి ‘గెట్ దేర్’. వీటికీ ‘టు’ లేదు. మన భాషలో ఇంటికి, ఇక్కడికి, అక్కడికి, అన్నిటికీ ‘కి’ ఉంది కాబట్టి ‘టు’ పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ‘రీచ్’కు అసలే వద్దు, ‘రీచ్ ద స్టేషన్’ అంతే.

వాహనాల దగ్గర మనకు ఎక్కు, దిగు రెండే మాటలు. ఇంగ్లీషు అక్కడ వాహనాన్ని చూస్తుంది. బస్సు, రైలు, విమానం, ఓడ, ఇవన్నీ లోపల నిలబడి నడవగలిగేవి. వీటికి ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. సైకిలుకీ గుర్రానికీ కూడా ఇవే, పైన కూర్చుంటాం కాబట్టి. కారు, టాక్సీ అయితే వంగి లోపలికి దూరాలి. వాటికి ‘గెట్ ఇన్’, ‘గెట్ ఔట్’. మరి మనం బస్సు దిగడానికి ‘గెట్ డౌన్’ అంటాం. బయటి దేశాలవారు దాన్ని చెట్టు మీది నుంచో నిచ్చెన మీది నుంచో దిగడానికి వాడతారు. మన మధ్య అది చెల్లుతుంది, అందరికీ అర్థమవుతుంది కూడా. వారితో మాట్లాడేటప్పుడు మాత్రం ‘గెట్ ఆఫ్’ అనండి.

ఇలా ‘అప్’, ‘ఓవర్’, ‘త్రూ’, ‘బై’, ‘అలాంగ్’ చేరితే వచ్చే అర్థాలు చాలా ఉన్నాయి. అవన్నీ జాబితాగా ఇమ్మని కొందరు అడిగారు. ఇవ్వను. జాబితా చదివితే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఎక్కడైనా ఒకటి తగిలినప్పుడు ఆ వాక్యంతో సహా రాసుకోండి. ఉదాహరణకు ‘గెట్ ఓవర్’. గోడ దాటడానికి వాడతారు, జబ్బు నుంచి కోలుకోవడానికి వాడతారు, దుఃఖం నుంచి తేరుకోవడానికి వాడతారు. దాటడం అన్న బొమ్మ ఒకటి పట్టుకుంటే మూడూ ఒకే చోట కూర్చుంటాయి.

చివరగా, రాతలో గెట్ వాడకూడదని బడిలో చెప్పారని మీలో ఒకరు ఇందాక అన్నారు. ఆ సలహాలో సగం నిజం ఉంది. దరఖాస్తులో, అధికారిక ఉత్తరంలో ‘రిసీవ్డ్’ అని రాస్తేనే హుందాగా ఉంటుంది. కానీ ఆ నియమాన్ని మాటలోకి తెచ్చుకున్నందువల్లే మన ఇంగ్లీషు బిగుసుకుపోయి వినబడుతుంది. స్నేహితుడితో ‘ఐ రిసీవ్డ్ యువర్ మెసేజ్’ అంటే ఆఫీసు గుమాస్తా మాట్లాడినట్టుంటుంది. ‘ఐ గాట్ యువర్ మెసేజ్’ అనండి, మనిషి మాట్లాడినట్టుంటుంది.

నేను చెప్పాల్సింది అయింది. ఇప్పుడు మీరు మాట్లాడాలి. ప్రతి ఒక్కరూ ‘గెట్ టు’ పెట్టి ఒక వాక్యం చెప్పండి. మీకు నిజంగా వీలు దొరికిన పనో, కావాలనుకున్నా దొరకని పనో, ఏదైనా సరే, నిజమైనదే చెప్పండి. తప్పు వస్తే అందరం కలిసి సరిచేద్దాం. ఈ వైపు నుంచి మొదలుపెడదాం. అమ్మా, మీరు చెప్పండి.